నల్లగండ్ల సైడ్ రోడ్లకి పెద్ద చక్రాల స్ట్రాలర్ తీసుకోవచ్చా, దండగా?

నల్లగండ్ల_అమ్మ:

అందరికీ నమస్తే, మాది హైదరాబాద్ నల్లగండ్ల. మా పాపకి పదో నెల నడుస్తోంది, ఇప్పటిదాకా ఎవరో గిఫ్ట్ ఇచ్చిన మామూలు స్ట్రాలరే వాడుతున్నాం, చిన్న చిన్న జంట చక్రాలు ఉంటాయి కదా ఆ టైపు. మాల్‌లోనూ మా అపార్ట్‌మెంట్ లోపల టైల్స్ మీదా సాఫీగానే పోతుంది. గేటు దాటితే మాత్రం నరకం. మా వీధిలో పైప్‌లైన్ కోసం తవ్వి పైన ఇంత మట్టీ కంకరా పోసి వదిలేశారు, ఒక్క కంకర రాయి ముందు చక్రానికి అడ్డం పడితే చాలు బండి టక్కున ఆగిపోయి పాప ముందుకి తూలుతుంది, బెల్టు ఉంది కాబట్టి సరిపోతోంది.

సాయంత్రం పూట తిప్పేది ఎక్కువగా మా మామయ్యగారు. ఆయనకి చెరువు కట్ట దాకా నడిచి రావడం అలవాటు, మనవరాల్ని కూడా తీసుకెళ్ళాలని ఒకటే ఆశ. మా ఆయనకేమో ఆదివారం పొద్దున్నే రన్నింగ్, యూట్యూబ్‌లో ఎవర్నో చూసి పాపని స్ట్రాలర్‌లో కూర్చోబెట్టి పరిగెడతానంటాడు. అత్తయ్యగారిది ఇంకో మాట, "మేం నలుగుర్ని పెంచాం, ఏ బండి ఉంది మాకు, చంకనేసుకుని తిరిగాం" అంటారు, ఆవిడ అనేది కూడా కాదనలేం గానీ ఆవిడ మోకాళ్ళు ఇప్పుడు ఒప్పుకోవు కదా.

ఆన్‌లైన్‌లో చూస్తే ఆల్ టెరైన్ (ఎలాంటి నేల మీదైనా పోయేది) అని, జాగింగ్ స్ట్రాలర్ (పరిగెడుతూ తోసేది) అని బోలెడు వస్తున్నాయి. బడ్జెట్ పాతిక వేల దాకా, మరీ మంచిదైతే ఇంకొంచెం. డిసెంబర్‌లో మా ఆడపడుచు డాలస్ నుంచి వస్తోంది, అక్కడ కొనిపించుకోవాలా ఇక్కడే చూసుకోవాలా? గాలి టైర్లయితే పంక్చర్లు ఎవరు వేస్తారు? మా కారు సీఎన్‌జీ వ్యాగన్ ఆర్, డిక్కీలో సగం సిలిండరే ఉంటుంది, అది కూడా చూసి చెప్పండి. వాడినవాళ్ళు చెప్తే ఇంకా మంచిది.

కొండాపూర్_రిటర్న్:

హాయ్ అండి, మేం అమెరికాలో బే ఏరియాలో ఉన్నప్పుడు థూలే కంపెనీ జాగింగ్ స్ట్రాలర్ అర్బన్ గ్లైడ్ 2 కొన్నాం, వచ్చేటప్పుడు తెచ్చుకున్నాం, ఇప్పుడు కొండాపూర్‌లో అదే తోస్తున్నాం. ముందు ఒక మాట, పేరులో ఆల్ టెరైన్ అని ఉందా లేదా అన్నది అస్సలు చూడకండి, చక్రం సైజు చూడండి. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఆ పేరు పెట్టి అమ్మేవాటిలో చాలావాటికి 6, 7 అంగుళాల ప్లాస్టిక్ చక్రాలే, పైన నల్ల రబ్బరు ఫోమ్ తొడిగి టైరులా కనపడేట్టు చేస్తారు. నిజమైన జాగింగ్ రకానికి మూడు చక్రాలే ఉంటాయి, ముందు ఒకటి 12 అంగుళాలు, వెనక రెండు 16 అంగుళాలు, గాలి టైర్లు, వెనక సస్పెన్షన్. 6 అంగుళాల చక్రం ఇరుసు భూమికి 3 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది కదా, అంగుళంన్నర రాయి దానికి గోడే. అదే 16 అంగుళాల చక్రం దాన్ని ఎక్కి దిగిపోతుంది, లోపల పిల్లకి నిద్ర కూడా చెదరదు. మీ కంకర సమస్యకి జవాబు ఇదొక్కటే.

కానీ దానికి కట్టాల్సిన రేటు కూడా వినండి, డబ్బుల సంగతి కాదు నేననేది. మాది ఖాళీ బండే దగ్గర దగ్గర పదకొండున్నర కిలోలు. వెడల్పు 69 సెంటీమీటర్లు. మీ లిఫ్ట్ తలుపు ఎంతుందో టేపు పెట్టి కొలిచాకే మిగతా విషయం ఆలోచించండి, పాత అపార్ట్‌మెంట్లలో కొన్నిచోట్ల 70 దగ్గరే ఉంటుంది, రోజూ గీసుకుంటూ లోపలికి తొయ్యాలి. వ్యాగన్ ఆర్ సీఎన్‌జీ డిక్కీలో మడిచినా పట్టదు, చక్రాలు మూడూ ఊడదీసి వెనక సీట్లో పెట్టుకోవాలి. చక్రాలు ఊడటం బటన్ నొక్కితే అయ్యే పనే గానీ బురదలో తిరిగొచ్చిన చక్రాలు సీటు మీద పెట్టాలంటే ముందు పాత దుప్పటి ఒకటి కార్లో పడేసుకోండి.

మధ్య రకం కూడా ఒకటి ఉంది. బేబీ జాగర్ వాళ్ళ సిటీ మినీ జీటీ2 లాంటివి, చక్రాలు ఎనిమిదిన్నర అంగుళాలు, గాలి అక్కర్లేని గట్టి రబ్బరు, కాబట్టి పంక్చర్ గొడవ లేదు. సీటు మధ్యలో ఒక పట్టీ ఉంటుంది, అది పైకి లాగితే మొత్తం బండి మడుచుకుంటుంది. పేవర్ బ్లాకులు, గతుకుల తారు రోడ్డు, గడ్డి వీటి మీద బానే పోతుంది, మీ కంకర మీద కష్టపడి పోతుంది. దాంతో పరిగెత్తకూడదు, కంపెనీవాళ్ళే వద్దంటారు.

ఇక మీ ఆయన రన్నింగ్. జాగింగ్ స్ట్రాలర్లు చేసే బాబ్ కంపెనీ మాన్యువల్‌లో 8 నెలలు నిండాకే పరుగు, గతుకుల దారి అని ఉంటుంది, థూలే వాళ్ళు 6 నెలలంటారు. మీ పాపకి పదో నెలంటున్నారు కాబట్టి వయసు దాటింది, అయినా మెడ, నడుము బాగా నిలుస్తున్నాయా అని మీ పిల్లల డాక్టర్ని ఒక మాట అడగండి. పరిగెత్తేటప్పుడు ముందు చక్రం లాక్ చేయాలి, ఇది చాలామంది పట్టించుకోరు. మామూలుగా నడిచేటప్పుడు ముందు చక్రం ఆటో ముందు చక్రంలా తిరుగుతుంటే మలుపులకి హాయి, కానీ స్పీడులో చిన్న రాయి తగిలి అది అడ్డం తిరిగిందంటే బండి మొత్తం పక్కకి పడుతుంది. హ్యాండిల్‌కి ఒక పట్టీ వేలాడుతుంటుంది, అది మణికట్టుకి తగిలించుకోవాలి, స్టైల్ కోసం పెట్టింది కాదది.

ఉప్పల్_నాన్న:

అక్కా నేను జర ఉల్టా చెప్త, ఏమనుకోకు. మీ ఏరియాల గేటెడ్ కమ్యూనిటీలు, చెరువు కట్టలు ఉన్నయి కాబట్టి గీ ముచ్చట. మాకు ఉప్పల్ దిక్కు ఫుట్‌పాత్ అంటే దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, మిర్చీ బండి, పార్క్ చేసిన బుల్లెట్టు, ఇవి పోను మిగిలింది ఒక మనిషి అడ్డంగ నడిచే జాగ. 16 అంగుళాల చక్రమైనా 20 అంగుళాల చక్రమైనా అద్దడుగు ఎత్తు ఫుట్‌పాత్ ఎక్కాలంటే నువ్వు ఎత్తాల్సిందే, ఎక్కి పది అడుగులు నడవంగనే మళ్ళ దిగాలె. 12 కిలోల బండి, 9 కిలోల పిల్ల. చక్రం పెద్దగున్నంత మాత్రాన మన రోడ్డు రోడ్డైతదా?

నేను ఏం చేసిన్నంటే మంచి బేబీ క్యారియర్ ఒకటి కొన్న. నడుముకి బెల్టు ఉండేది, పిల్లగాడి మోకాళ్ళు తుంటి కన్నా కొంచెం పైకి ఉండేటట్టు వెడల్పు సీటుది, కాళ్ళు కిందికి వేలాడేసేది కాదు. కూరగాయల మార్కెట్‌కి గదే, మెట్రోకి గదే, మొన్న గోల్కొండ పోయినం, ఆ మెట్లకి ఏ స్ట్రాలర్ పనికొస్తది చెప్పు, కింద టికెట్ కౌంటర్ కాడ పెట్టి పోవాల్సిందే. మాల్‌కి పాత చిన్న బండి చాలు. పాతిక వేలు పెట్టి కొన్నంక రెండు నెలల్ల పోరి నడుస్త అని దిగి ఉరుకుతది, అప్పుడు దాంట్ల కొత్తిమీర కట్టలు పెట్టుకోని తిరుగుతవా?

మీ ఆయన ఉరుకుడు ఆయన ఒక్కడినే ఉరకమను 😄

నల్లగండ్ల_అమ్మ:

@ఉప్పల్_నాన్న హహ, కొత్తిమీర కట్టల మాట మా అత్తయ్యగారికి చదివి వినిపించా, ఆవిడ మీ పార్టీలో చేరిపోయారు. క్యారియర్ మా దగ్గర ఉందండి, నేనూ మా ఆయనా వాడతాం, కానీ మామయ్యగారికి నడుము నొప్పి, ఆయన ఒంటికి పిల్లని కట్టే ప్రశ్నే లేదు. అసలు ఈ బండి కొనేది ముఖ్యంగా ఆయన కోసమే అనుకోండి. మాది వీధి దాటితే కట్ట దాకా ఫుట్‌పాత్ అవసరం లేదు, మట్టి దారే, మధ్యలో ఒక కల్వర్టు దగ్గర మాత్రం రోడ్డు దాటాలి.

@కొండాపూర్_రిటర్న్ చాలా థాంక్స్ అండి, లిఫ్ట్ కొలిచాం, 80 ఉంది, గండం గడిచింది. మా ఆడపడుచు తెస్తే లగేజీలో వస్తుందా?

కొండాపూర్_రిటర్న్:

ఇదే చెప్పడం మర్చిపోయా. పిల్ల కూడా ప్రయాణం చేస్తుంటే చాలా ఎయిర్‌లైన్స్ స్ట్రాలర్‌కి వేరే డబ్బు తీసుకోవు, గేటు దాకా తోసుకెళ్ళి అక్కడ ఇచ్చేయొచ్చు. మీ ఆడపడుచుతో చిన్నపిల్ల లేకపోతే అది మామూలు చెక్ఇన్ బ్యాగ్ కిందే లెక్క. బరువు 23 కిలోల లోపే కాబట్టి దాంతో సమస్య లేదు, సమస్యంతా కొలతతో. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటితే ఓవర్‌సైజ్ ఛార్జీ వేస్తారు, జాగింగ్ స్ట్రాలర్ డబ్బా దాదాపు ఎప్పుడూ దాటేస్తుంది. డబ్బాలోంచి తీసి, చక్రాలు వేరే సూట్‌కేస్‌లో సర్దితే కొంచెం తగ్గుతుంది, అయినా ఫ్రేము ఒక్కటే గీత దాటొచ్చు. టికెట్ ఏ ఎయిర్‌లైన్సో దాన్ని బట్టి ముందే ఛార్జీ కనుక్కోమనండి, ఆ ఛార్జీ కూడా కలిపితే ఇక్కడ సెకండ్ హ్యాండ్ దొరికే రేటు దాటిపోవచ్చు. అక్కడ ఇలాంటి మంచి రకం కొత్తవి చాలావరకు 400 డాలర్ల పైనే ఉంటాయి, మీ పాతిక వేల బడ్జెట్‌కి అది ఎలాగూ చాలదు.

సైకిల్_బాబాయ్:

పంక్చర్ సంగతి నేను చెప్తానమ్మా, మిగతాది నాకు తెలీదు. మా కోడలు తెచ్చిన బాబ్ బండికి టైర్లు నేనే చూస్తుంటా.

మొదట వాల్వ్ చూడు. మన మామూలు సైకిల్ ట్యూబుకి సన్న వాల్వ్, లోపల వాల్ ట్యూబ్ అని సన్న రబ్బరు గొట్టం ఉంటుంది. ఈ ఫారిన్ స్ట్రాలర్లకి వచ్చేది అది కాదు, బైకుకీ కారుకీ ఉండే లావు వాల్వ్. అంటే ఇంట్లో ఉండే పాత సైకిల్ పంపు పట్టదు గానీ ఏ బైక్ పంక్చర్ షాపులో అయినా గాలి పడుతుంది. పడుతుంది కదా అని షాపువాడి చేతిలో పెట్టేసి ఫోన్ చూసుకోవద్దు. వాడు బైకుకి కొట్టినట్టు కంప్రెసర్ పెట్టి వదిలాడంటే ఈ చిన్న ట్యూబుకి గాలి రెండు సెకన్లలో ఎక్కువైపోతుంది, టైరు పక్కన గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ మించొద్దని అచ్చు వేసి ఉంటుంది, అది చూపించి కొంచెం కొంచెం కొట్టమను. ఇంకా మంచిదంటే గేజ్ ఉన్న ఫుట్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకో, బైక్ సామాన్ల షాపులో దొరుకుతుంది. ఇంకో తిరకాసు, చక్రం చిన్నది కావడం వల్ల ఆకులకీ వాల్వ్‌కీ మధ్య సందు తక్కువ, పంపు తల లోపలికి దూరదు, ఎల్ ఆకారం ఎక్స్‌టెన్షన్ ఒకటి బిగిస్తే ఆ బాధ ఉండదు.

ట్యూబు దొరకదేమో అని చాలామంది భయపడతారు. వెనక చక్రం మీద 16 ఇంటూ 1.75 అని ఉందంటే మన పిల్లల 16 అంగుళాల సైకిల్ ట్యూబే సరిపోతుంది, కోఠి ఈసామియా బజార్‌లో సైకిల్ షాపులన్నీ వరసగా ఉంటాయి, ఏ షాపులో అడిగినా తీసిస్తారు. లావు వాల్వ్‌దే కావాలని నొక్కి చెప్పు, లేకపోతే సన్నదిస్తాడు, రిమ్ము బెజ్జంలో అది లొడలొడలాడుతుంది. ముందు చక్రం సైజుల్లో తేడాలుంటాయి కాబట్టి అచ్చు ఫోటో తీసుకుని వెళ్ళు.

మీ నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు ఖాళీ స్థలాల నిండా సర్కారు తుమ్మే. ఆ చెట్టు కొట్టేసి ఎండు కొమ్మలు దారి పక్కన పడేస్తారు, ఆ ముల్లు టైరులో దిగిందంటే తీసే దాకా గాలి నిలుస్తుంది, తీయగానే పోతుంది. కట్ట మీద తిరిగి వచ్చాక టైరు ఒకసారి చేత్తో తిప్పి చూడమని మీ మామగారికి చెప్పు, ముల్లు ఉంటే బయట లాగొద్దు, ఇంటికొచ్చాక లాగాలి. ట్యూబులో పోసే సీలెంట్ ద్రవం ఉంటుంది, అది ముందే పోయించుకుంటే చిన్న ముళ్ళకి భయం లేదు. సీలెంట్ పోసేదాకా మాకు ముల్లు బాధ తప్పలేదు.

గాలి లేని ఫోమ్ టైరు పంక్చర్ కాదు నిజమే, కానీ మన ఎండకి గట్టిపడుతుంది, అరిగితే మొత్తం చక్రమే మార్చాలి, ఆ చక్రం ఇక్కడ దొరకదు.

కూకట్‌పల్లి_రాణి:

పెద్దాయన తోస్తారంటున్నారు కాబట్టి ఈ కోణంలో ఎవరూ చెప్పలేదని రాస్తున్నానండి. మా నాన్నగారు కూడా మనవడిని రోజూ తిప్పుతారు.

బ్రాండ్ కన్నా ముందు హ్యాండిల్ ఎత్తు మారుతుందా లేదా చూసుకోండి. మీ ఆయన ఆరడుగులు, మామగారు ఐదున్నర అయితే ఒకే ఎత్తు ఇద్దరికీ కుదరదు, నడుము నొప్పి ఉన్నాయన వంగి తోశారంటే ఇంక రెండో రోజు బయటికి రారు. రెండోది బ్రేకు. వెనక ఇరుసు దగ్గర కాలితో నొక్కే బ్రేకు ఉంటుంది, కొన్నిటికి నొక్కితే పడుతుంది గానీ తీయాలంటే బొటనవేలితో కింద నుంచి పైకి లేపాలి, చెప్పులేసుకుని వెళ్ళే పెద్దవాళ్ళకి అది చాలా చిరాకు. షాపులో ఆయన చెప్పులతోనే ఆయన చేతే నొక్కించి, తీయించి చూడండి. కొన్ని మోడళ్ళకి హ్యాండిల్ దగ్గర చేతి బ్రేకు కూడా ఉంటుంది, దిగుడు రోడ్లకి అది బంగారం. ఈ పెద్ద చక్రాల బండ్లు ఎంత తేలిగ్గా దొర్లుతాయంటే వదిలేస్తే ఆగవు. జూబ్లీహిల్స్ లాంటి ఎత్తుపల్లాల్లో ఉండేవాళ్ళకి అయితే చేతి బ్రేకు లేనిది వద్దనే చెప్తాను నేను.

సంచులు. మా నాన్నగారు వస్తూ వస్తూ పాల ప్యాకెట్లు, అరటిపళ్ళు కొని హ్యాండిల్‌కి తగిలించేవారు, పిల్లాడిని దించగానే బండి వెనక్కి పడిపోయేది. పిల్ల లోపల ఉండగా పడితే ఇంకా ప్రమాదం. కింద బుట్ట ఉంటుంది, బరువంతా అందులోనే, హ్యాండిల్‌కి ఏదీ తగిలించకూడదని ముందే చెప్పేయండి, కోపం వచ్చినా పర్లేదు.

ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరున్నర దాకా బయటికి తీయొద్దు. కొంతమంది ఎండ పడకుండా స్ట్రాలర్ మీద చున్నీయో టవలో కప్పేస్తారు, లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరిగిపోతుంది, పైకి నీడగానే కనిపిస్తుంది. పొడుగ్గా కిందికి దిగే టాప్ ఉండి, వెనక గాలి ఆడే జాలీ కిటికీ ఉన్నది చూసుకోండి. దోమతెర కూడా విడిగా కొనుక్కోండి, చెరువు కట్ట అంటున్నారు, సాయంత్రం పూట అక్కడ దోమలు మామూలుగా ఉండవు.

రోడ్డు దాటేటప్పుడు ఇంకోటి. స్ట్రాలర్ మనకన్నా ఒక మీటరు ముందు ఉంటుంది, మనం పక్కకి చూసేలోపే అది రోడ్డు మీదికి వెళ్ళిపోయి ఉంటుంది. పార్క్ చేసిన కార్ల మధ్య నుంచి దాటకుండా, కల్వర్టు దగ్గర బండిని పక్కకి తిప్పి నిలబెట్టి, రెండు వైపులా చూసుకున్నాకే తిప్పి దాటాలి. టిప్పర్లు తిరిగే రోడ్డయితే దుమ్మూ పొగా కూడా పిల్ల ముఖం ఎత్తులోనే ఉంటాయి, కొంచెం చుట్టు తిరిగైనా లోపలి వీధుల్లోంచి వెళ్ళడం నయం.

ఉప్పల్_నాన్న:

@కూకట్‌పల్లి_రాణి దోమల ముచ్చట కరెక్ట్ చెప్పిన్రు. అక్కా పెద్దాయన కోసమే అంటే నా మాట వాపస్ తీస్కుంట, పెద్దమనిషి నడుము నొప్పికి క్యారియర్ నడవది. గని కొత్తది మాత్రం కొనకు. మీ దిక్కు సొసైటీ గ్రూపులల్ల అమెరికా నుంచి వాపస్ వచ్చినోళ్ళు నెలకొకటి అమ్మకానికి పెడ్తరు, పిల్లలు పెద్దగైనంక బాల్కనీల జాగ ఖాళీ చేస్తే చాలనుకుంటరు.

ఓల్డ్_ఈజ్_గోల్డ్_సైనిక్‌పురి:

సెకండ్ హ్యాండ్ అయితే ఇవి చూసుకోకుండా డబ్బులు ఇవ్వకండి.

బాబ్ కంపెనీ పాత బండ్లు ఇక్కడ బాగా కనపడతాయి. వాటిలో ముందు చక్రం క్విక్ రిలీజ్ లివర్‌తో (పానా లేకుండా చేత్తో తిప్పి బిగించే పిడి) బిగించే పాత మోడళ్ళ మీద 2018లో అమెరికా కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ కేసు వేసింది, లివర్ సరిగ్గా బిగియకపోతే నడుస్తుండగా ముందు చక్రం ఊడి పిల్లలకీ పెద్దవాళ్ళకీ దెబ్బలు తగిలాయని. 2015 సెప్టెంబర్ దాకా తయారైన బండ్లవి. అదే ఏడాది చివర్లో కంపెనీతో రాజీ అయింది, లివర్ బదులు వేరే ఇరుసు ఇవ్వడం లాంటివి ఒప్పుకున్నారు. కాబట్టి ఫ్రేము మీద స్టిక్కర్‌లో తయారీ తేదీ చదవండి, స్టిక్కర్ చించేసి ఉంటే వదిలేయండి. ఎంత తక్కువకి ఇచ్చినా సరే.

ఏ కంపెనీదైనా సరే, ముందు చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపండి, లొడలొడ ఉండకూడదు. లాక్ చేసి సమతలం మీద తోసి వదిలితే తిన్నగా పోవాలి, పక్కకి లాగుతుంటే ఫ్రేమో ఇరుసో వంగినట్టు. మడిచి, విప్పి, విప్పాక లాక్ పడిన చప్పుడు విన్నాక హ్యాండిల్ మీద గట్టిగా నొక్కండి, మడుచుకోకూడదు. ఐదు చోట్ల పట్టే బెల్టు ఉండాలి, భుజాలకి రెండు, నడుముకి రెండు, కాళ్ళ మధ్య ఒకటి, నడుముకి మాత్రమే ఉన్నది ఈ రోడ్లకి పనికిరాదు. బకిల్‌లో బిస్కెట్ పొడి పేరుకుపోయి సగమే పడుతుంటుంది చాలావాటిలో, గోరువెచ్చని నీళ్ళలో ముంచి కడిగితే బాగవుతుంది, అది చూపించి రేటు తగ్గించమనండి 🙂 బట్ట వెలిసిపోతే ఏం కాదు, కానీ బెల్టు నూలు పోగులు లేస్తుంటే వద్దు.

టైర్ల పక్కన సన్న సన్న పగుళ్ళు ఉంటే బండి చాలాకాలం బాల్కనీలో ఎండకి ఉన్నట్టు, టైర్లు మార్చడానికయ్యే ఖర్చు బేరంలో తీసేయండి.

నల్లగండ్ల_అమ్మ:

అబ్బా ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. ఇంట్లో అందరం కూర్చుని చదివాం. మామయ్యగారికి బ్రేకు, చెప్పుల సంగతి తెగ నచ్చేసింది, "ఈ రాణి గారెవరో నా మనసులో మాట చెప్పింది" అన్నారు. మా ఆయన సోలార్ రూఫ్ ఉన్న సైకిల్ ట్రాక్ మీద పరిగెడతానంటున్నాడు, అక్కడ స్ట్రాలర్‌తో వెళ్ళొచ్చా?

ఆడపడుచుతో తెప్పించడం మానేశాం. మా సొసైటీ గ్రూపులో అడిగితే తెల్లాపూర్‌లో ఒకళ్ళ దగ్గర అర్బన్ గ్లైడ్ ఉందట, 18 వేలు చెప్పారు, ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. కార్లో ఎక్కించి కూడా చూస్తాం, పట్టకపోతే పట్టకపోనీ, మాకు కార్లో తీసుకెళ్ళే పని పెద్దగా ఉండదు, మాల్‌కి పాతది ఉండనే ఉంది.

సైకిల్_బాబాయ్:

ఆ ట్రాక్ వద్దమ్మా, నార్సింగి, కొల్లూరు వైపు అవుటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు వెంట వేసింది కదా, 2023లో తెరిచారు, 23 కిలోమీటర్లు. అది సైకిళ్ళ కోసం వేసింది. పొద్దున్నే మా గుంపులు వచ్చేది గంటకి 30 కిలోమీటర్ల పైన, వంగి కిందికి చూస్తూ తొక్కుతారు, మలుపులో ఎదురుగా చంటిపిల్ల బండి కనిపిస్తే ఆపే టైము ఉండదు. మీ ఆయన్ని కమ్యూనిటీ లోపలే ఇంటర్నల్ రోడ్ల మీద మొదలుపెట్టమను, తెల్లారి కార్లు కదలకముందు.

ఆదివారం వెళ్ళేటప్పుడు ఫుట్ పంపు తీసుకెళ్ళు. మూలన పడి ఉన్న బండి టైర్లలో గాలి ఉండదు, "గాలి లేదు అంతే, పంక్చర్ కాదు" అంటారు అమ్మేవాళ్ళు. వెళ్ళగానే గాలి కొట్టేసి, తర్వాత బ్రేకు, బెల్టు అన్నీ నిదానంగా చూసుకుంటూ ఓ అరగంట కబుర్లు చెప్పు, చివర్లో మళ్ళీ టైరు నొక్కి చూడు.